గేట్లు ఎత్తాక నీటి శక్తి ఎక్కడికి పోతుంది?

వానాకాలం ముదిరిందంటే కృష్ణా, గోదావరి ప్రాజెక్టుల లెక్కలు పత్రికల్లో రోజూ కనిపిస్తాయి. ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత, ఎత్తిన గేట్లు ఇన్ని. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, సుమారు 28.3 లీటర్లు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. డెల్టాలో ఈ లెక్క నోటికి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. అయితే క్యూసెక్కులు చెప్పేది ఎంత నీరు వస్తోందన్నదే. ఆ నీరు ఏం చేయగలదో తెలియాలంటే ఎంత ఎత్తు నుంచి దిగుతోందో కూడా చూడాలి.

శ్రీశైలం జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ నిండినప్పుడు అక్కడి మట్టం 590 అడుగులు. తేడా 295 అడుగులు, దాదాపు 90 మీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 2,830 టన్నుల నీరు. అంత నీరు 90 మీటర్లు దిగితే వెలువడే శక్తి దాదాపు 2,500 మెగావాట్లు. శ్రీశైలం కుడి, ఎడమ గట్ల విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యం రెండూ కలిపి 1,670 మెగావాట్లు. పది లక్షల క్యూసెక్కులు వదిలిన రోజున, గేట్ల నీరు దిగే వాలు కట్టడమైన స్పిల్‌వే మీదుగా జారిపోయే శక్తి 25 వేల మెగావాట్ల దాకా ఉంటుంది. వరదలో దిగువ మట్టం కూడా పెరుగుతుంది కాబట్టి కొంత తగ్గించి చూసినా అది మామూలు శక్తి కాదు.

టర్బైన్ల గుండా వెళ్లిన నీటి శక్తి కరెంటుగా మారి ఊళ్లకు చేరుతుంది. మరి స్పిల్‌వే మీదుగా దూకిన నీటి శక్తి? అది ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. ఇంజినీర్లు చూపిన చోట ఖర్చు కాకపోతే నది తనకు దొరికిన చోట ఖర్చు పెడుతుంది. రాతి అడుగులో, ఇసుకలో, కాంక్రీటు పలకల కింద, చివరికి కట్టడం పునాదిలో. డ్యామ్ అనగానే అందరికీ ఎత్తైన గోడ గుర్తొస్తుంది. గోడ నీటిని ఆపుతుంది, అంతవరకే. వదిలిన నీటి జోరు తగ్గించి నదిలో కలిపే పని గోడ కాళ్ల దగ్గర జరుగుతుంది. ప్రవాహాల భౌతికశాస్త్రంలో అన్నిటికన్నా కఠినమైన భాగం ఉన్నదీ అక్కడే.

బెర్నౌలీ లెక్క పనిచేసేంత దూరం

స్విస్ గణితవేత్త డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రవహించే ద్రవాలకు ఒక జమాఖర్చుల సూత్రం ఇచ్చాడు. ఘర్షణ నష్టాలు లేనప్పుడు, ఒకే ధార వెంట నీటి ఎత్తు, పీడనం, వేగం వల్ల వచ్చే శక్తుల మొత్తం మారదు. ఒకటి తగ్గితే మరొకటి పెరగాలి. స్పిల్‌వే శిఖరం దగ్గర నీరు దాదాపు నిదానంగా ఉంటుంది, శక్తంతా ఎత్తులోనే ఉంటుంది. జారేకొద్దీ ఎత్తు కరిగి వేగంగా మారుతుంది. ఘర్షణను వదిలేస్తే 90 మీటర్లు దిగిన నీటి వేగం సెకనుకు 42 మీటర్లు, అంటే గంటకు 150 కిలోమీటర్లు. వేగం పెరిగిన కొద్దీ నీటి పొర పలచబడుతుంది, ఎందుకంటే పైన ఎంత నీరు బయల్దేరిందో కింద అంతే నీరు చేరాలి.

గేటు కింద నుంచి దూసుకొచ్చే నీటికీ ఇదే లెక్క. గేటును కొద్దిగా ఎత్తి ఉంచినప్పుడు విడుదల నీటి ఎత్తు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు రెట్టింపైనా విడుదల 1.4 రెట్లే. గేట్లు పూర్తిగా ఎత్తేసి నీరు శిఖరం మీదుగా స్వేచ్ఛగా పొర్లుతున్నప్పుడు కథ మారుతుంది. అప్పుడు విడుదల ఎత్తుకు ఒకటిన్నర ఘాతంలో పెరుగుతుంది. 2009 అక్టోబరు మొదటి వారంలో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు జలాశయం 896 అడుగులు దాటింది. స్పిల్‌వే శిఖరం 830 అడుగుల దగ్గర ఉంది. శిఖరం మీద నీటి ఎత్తు 55 అడుగుల నుంచి 66 అడుగులకు పెరిగితే విడుదల సామర్థ్యం సుమారు మూడో వంతు పెరుగుతుంది. ఆ పదకొండు అడుగులు ఒకవైపు డ్యామ్‌ను భయపెట్టాయి. మరోవైపు ఎక్కువ నీటిని కిందికి పంపే అవకాశాన్ని కూడా అవే ఇచ్చాయి.

నున్నటి కాంక్రీటు వాలు మీద బెర్నౌలీ లెక్క బాగానే నిలబడుతుంది. వాలు అడుగుకు చేరాక మాత్రం అది చేతులెత్తేస్తుంది. ఎందుకో తెలియడానికి ఇంజినీర్లకు చాలా కాలం పట్టింది.

నీరు ఎగిరి నిలబడే చోటు

వంటింటి సింకులో కొళాయి తిప్పితే ధార పడిన చోటు చుట్టూ నీరు పలచటి పొరగా, అద్దంలా నున్నగా వేగంగా పరుచుకుంటుంది. కొంతదూరం వెళ్లాక గుండ్రటి గీత దగ్గర ఒక్కసారిగా మందమవుతుంది. ఆ గీత దాటాక నీరు నెమ్మదిగా కదులుతుంది. ఈ ఎగుడును హైడ్రాలిక్ జంప్ అంటారు. సింకులోది మిల్లీమీటర్ల పొర కాబట్టి అక్కడ తలతన్యత పాత్ర ఎంత అన్న వాదన ఇంకా నడుస్తోంది. గురుత్వాకర్షణ కంటే తలతన్యతే ముఖ్యమని 2018లో కేంబ్రిడ్జ్‌లో రాజేశ్ భగత్ బృందం ప్రతిపాదించింది. నదుల్లో, డ్యాముల దగ్గర జరిగేదానికి మాత్రం గురుత్వాకర్షణే కారణం, అందులో తగాదా లేదు.

లోతు తక్కువగా ఉన్న నీటి మీద అల ఎంత వేగంగా వెళుతుందన్నది లోతును బట్టి ఉంటుంది. మీటరు లోతులో సెకనుకు మూడు మీటర్ల పైచిలుకు, పది మీటర్ల లోతులో దాదాపు పది మీటర్లు. నీటి వేగాన్ని ఈ అల వేగంతో భాగిస్తే వచ్చేదాన్ని ఫ్రూడ్ సంఖ్య అంటారు. ఓడల నమూనాలతో ప్రయోగాలు చేసిన ఆంగ్లేయ ఇంజినీరు విలియం ఫ్రూడ్ పేరు మీద వచ్చింది. ఆ సంఖ్య ఒకటి కంటే తక్కువైతే దిగువన జరిగే మార్పు అలల రూపంలో ఎగువకు తెలుస్తుంది. ఒకటి దాటితే అలలు ప్రవాహానికి ఎదురీదలేవు. ముందు ఏముందో ఆ నీటికి తెలిసే మార్గం ఉండదు. స్పిల్‌వే దిగి వచ్చే పలచటి వేగవంతమైన పొర ఈ రెండో రకం. అది దిగువన ఉన్న లోతైన, నిదానమైన నదిని కలవాలి. నెమ్మదిగా సర్దుకునే వీలు లేదు కాబట్టి ఒకేచోట ఎగిరి పడుతుంది. ధ్వని వేగాన్ని మించిన విమానం ముందు గాలిలో ఏర్పడే షాక్ తరంగానికి దీనికి గణితంలో దగ్గరి చుట్టరికం ఉంది.

లియొనార్డో డావించి కాలం నుంచే ఇలాంటి ఎగుడు మీద దృష్టి ఉంది. 1820 ప్రాంతంలో ఇటలీలోని టూరిన్‌లో జార్జియో బిడోన్ దాన్ని జాగ్రత్తగా కొలిచాడు. 1828లో ఫ్రెంచి ఇంజినీరు బెలాంజే దానికి సూత్రం రాయబోయాడు. ఆనాటి అలవాటు ప్రకారం, ఎగుడుకు ముందూ తర్వాతా శక్తి సమానమని అనుకుని లెక్క కట్టాడు. బిడోన్ కొలతలతో ఆ లెక్క సరిగా కలవలేదు. పదేళ్లకు పైగా గడిచాక బెలాంజే దారి మార్చాడు. శక్తిని పక్కన పెట్టి ద్రవ్యవేగాన్ని, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని పట్టుకున్నాడు. నీటి పొర మీద ముందు నుంచీ వెనుక నుంచీ పడే ఒత్తిడుల తేడాయే దాని ద్రవ్యవేగాన్ని తగ్గిస్తుందని రాస్తే సూత్రం కుదిరింది. ఆ సూత్రాన్నే ఇవాళ్టికీ ప్రతి స్పిల్‌వే డిజైన్‌లో వాడుతున్నారు.

ఈ మలుపు చిన్నది కాదు. హైడ్రాలిక్ జంప్‌లో శక్తి పోతుంది, అది ఎలా పోతుందో లోపలి వివరం ఎవరికీ తెలియక్కర్లేదు. ద్రవ్యవేగం మాత్రం బయటి ఒత్తిడుల తేడా మేరకే తగ్గుతుంది, ఆ లెక్క తప్పదు. కాబట్టి లోపల ఎంత గందరగోళం ఉన్నా బయటి రెండు లోతులనూ కచ్చితంగా చెప్పొచ్చు. తెలియనిదాన్ని చుట్టూ తిరిగి దాటడంలో ద్రవగతిశాస్త్రం ఇంత చక్కగా గెలిచిన సందర్భాలు తక్కువ.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మీటరు మందం నీటి పొర సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తోంది. ఫ్రూడ్ సంఖ్య 6.4. బెలాంజే సూత్రం ప్రకారం ఎగుడు దాటాక లోతు 8.5 మీటర్లు, వేగం సెకనుకు 2.3 మీటర్లు. వచ్చేటప్పుడు ఆ నీటిలో ఉన్న శక్తిని నీటి ఎత్తుగా చెబితే 21.4 మీటర్లు. వెళ్లేటప్పుడు 8.8 మీటర్లు. దాదాపు 60 శాతం శక్తి యాభై మీటర్ల దూరంలో మాయమైంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చిన నీరు మనిషి గట్టిగా నడిస్తే అందుకోగలిగే స్థాయికి దగ్గరపడింది.

మాయమైన శక్తి వేడిగా మారింది. అది ఒక్క దెబ్బలో జరగదు. ఎగుడు మీద మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లున్న పెద్ద సుడి దొర్లుతుంటుంది. దాని నుంచి చిన్న సుడులు, వాటి నుంచి ఇంకా చిన్నవి పుడతాయి. ఈ గొలుసును 1922లో లూయిస్ రిచర్డ్‌సన్ ఊహించాడు, 1941లో రష్యన్ గణితవేత్త కోల్మగోరోవ్ దానికి లెక్క కట్టాడు. పై ఉదాహరణకు ఆ లెక్క వేస్తే అతి చిన్న సుడుల పరిమాణం మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు వస్తుంది. అంత చిన్న చోట నీటి స్నిగ్ధత, అంటే దాని జిగట గుణం పైచేయి సాధించి కదలికను వేడిగా మార్చేస్తుంది. ఎనిమిది మీటర్ల సుడి నుంచి వందో వంతు మిల్లీమీటరు దాకా ప్రతి సుడినీ కంప్యూటర్‌లో చూపించే శక్తి ఇప్పటికీ లేదు. ఈ కదలికలన్నిటికీ మూలమైన నావియర్-స్టోక్స్ సమీకరణాలు 19వ శతాబ్ది మొదటి సగం నుంచీ ఉన్నాయి. మూడు కొలతల్లో వాటి పరిష్కారాలు ఎల్లవేళలా సజావుగా ఉంటాయా అన్న ప్రశ్నకు 2000 సంవత్సరంలో క్లే సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. అది ఇంకా ఎవరికీ దక్కలేదు.

వేల మెగావాట్ల శక్తి వేడిగా మారితే నీరు కాగిపోవాలి కదా అన్న సందేహం సహజం. నీటికి వేడిని దాచుకునే గుణం చాలా ఎక్కువ. 90 మీటర్లు పడిన నీటి శక్తంతా అందులోనే వేడిగా మిగిలినా ఉష్ణోగ్రత పెరిగేది ఐదో వంతు డిగ్రీ. కొండలను తొలచగలిగిన బలం అంత చిన్న వెచ్చదనంగా మారి నదిలో కలిసిపోతుంది. దాన్ని అలా మార్చగలగడమే స్పిల్‌వే ఇంజినీరు పని.

ఇసుక మీద కట్టినవాళ్ల కష్టం

ఎగుడు ఎక్కడ వస్తుందన్నది దిగువ నది చేతిలో ఉంటుంది. పై ఉదాహరణలో దిగువన 8.5 మీటర్ల లోతు ఉంటేనే అది కాంక్రీటు అడుగు మీద కుదురుకుంటుంది. నదిలో ఆరు మీటర్లే ఉంటే ఎగుడు దిగువకు కొట్టుకుపోతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో ఉన్న నీరు రక్షణ లేని అడుగు మీదికి వెళ్లి అక్కడ కోత మొదలుపెడుతుంది. లోతు మరీ ఎక్కువైతే ఎగుడు మునిగిపోయి, పైకి అంతా ప్రశాంతంగా కనిపిస్తూ కింద వేగధార చాలా దూరం సాగుతుంది. అందుకే ఎగుడును పట్టి ఉంచే కాంక్రీటు తొట్టి, అంటే స్టిల్లింగ్ బేసిన్ అడుగును లోతుగా తవ్వి కడతారు, అందులో కాంక్రీటు దిమ్మెలు, చివర గడప కడతారు.

ఎత్తైన డ్యామ్ కంటే నాలుగైదు మీటర్ల బ్యారేజీ సులువని చాలామంది అనుకుంటారు. శక్తి నష్టం సంగతిలో అది తప్పు. ఫ్రూడ్ సంఖ్య 9 దగ్గర హైడ్రాలిక్ జంప్ 70 శాతం శక్తిని మింగుతుంది. 3 దగ్గర నాలుగో వంతుకే సరిపెడుతుంది. అంతేకాదు, 2.5కీ 4.5కీ మధ్య ఎగుడు కుదురుగా ఉండదు. వేగధార ఒకసారి అడుగును, ఒకసారి ఉపరితలాన్ని తాకుతూ ఊగుతుంది, ఆ అలలు దూరం వెళ్లి గట్లను కోస్తాయి. తక్కువ ఎత్తు బ్యారేజీలు చాలావరకు పనిచేయాల్సింది ఈ ఇబ్బందికరమైన పరిధిలోనే. పైగా మన డెల్టాల తలల దగ్గర, గోదావరి మధ్య భాగంలో కింద ఉన్నది రాయి కాదు, ఇసుక.

1847-52 మధ్య ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఫ్రూడ్ సంఖ్య తెలియదు, తెలిసే వీలూ లేదు. ఇసుక మీద రాళ్లు పేర్చి శతాబ్దాలు నిలబడిన కావేరి కల్లణై ఆయన ఎదుట ఉంది. వెడల్పైన రాతి కట్టడం, దిగువన విస్తారంగా పరిచిన రాళ్ల అంచు, రాళ్లు ఇసుకలో దిగబడిన చోట మళ్లీ రాళ్లు పోయడం. నీరు ఆ గరుకు రాళ్ల మీద దొర్లి దొర్లి శక్తిని పోగొట్టుకునేది. కోత పడితే రాళ్లు ఆ గోతిలోకి జారి దాన్ని కప్పేవి. సమీకరణం లేకుండానే ప్రవాహాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న పద్ధతికి గౌరవం ఇవ్వాల్సిందే. అయితే అది ఏటేటా మరమ్మతులు అడిగే పద్ధతి. విజయవాడ దగ్గర కృష్ణా పాత ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

బ్యారేజీకి అతి పెద్ద వరదే అతి ప్రమాదం అన్న అభిప్రాయం కూడా సగమే నిజం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. అలాంటి రోజుల్లో గేట్లన్నీ పైకి ఎత్తి ఉంటాయి, దిగువ మట్టం ఎగువ మట్టాన్ని దాదాపు అందుకుంటుంది. గట్లకు, ఊళ్లకు, కొట్టుకొచ్చే పడవల వల్ల పియర్లకు (గేట్ల మధ్య స్తంభాలకు) ముప్పు ఉంటుంది కానీ, పైకీ కిందకీ తేడా తక్కువ కాబట్టి బ్యారేజీ అడుగున దూకే శక్తి అంత ఉండదు. అడుగుకు నిజమైన పరీక్ష మధ్యస్థ వరదల్లో వస్తుంది. ఎగువన చెరువు నిండుగా, కొన్ని గేట్లు మాత్రం కొద్దిగా ఎత్తి, దిగువన నీరు తక్కువగా ఉన్నప్పుడు. అప్పుడు సన్నటి వేగధారకు ఎదురుగా నిలిచే లోతు ఉండదు. ఒక పక్క గేట్లనే ఎత్తితే దిగువన అడ్డంగా సుడులు ఏర్పడి ఒకేచోట గుంత తోడతాయి. ఏ గేటును ఎంత, ఏ వరుసలో ఎత్తాలో ముందే రాసి పెట్టుకోవడానికి కారణం ఇదే. వరద రాత్రి ఆ వరుసను పాటించే సిబ్బంది చేతిలో కట్టడం ఆయుష్షు ఉంటుంది. వాళ్ల ఖాళీ పోస్టుల గురించి జరగాల్సినంత చర్చ జరగదు.

గాలిలోకి విసిరినా తప్పని గొయ్యి

శ్రీశైలం లాంటి చోట, ఇరుకైన లోయలో, 90 మీటర్ల ధారకు సరిపడా స్టిల్లింగ్ బేసిన్ కట్టడం కష్టం. అక్కడ స్పిల్‌వే చివర గిన్నెలా వంచి నీటిని గాలిలోకి విసురుతారు. పర్యాటకులు ఫొటోలు తీసుకునే ఆ తెల్లటి తుంపర ఒక శక్తి నష్ట యంత్రాంగం. ధార గాలిలో చీలి, గాలిని కలుపుకుని, డ్యామ్‌కు దూరంగా పడుతుంది. పడిన చోట గొయ్యి తవ్వుతుంది. దాన్నే ప్లంజ్ పూల్ అంటారు. గొయ్యి లోతయ్యే కొద్దీ అందులోని నీరే మెత్తగా అడ్డుకుని తవ్వకాన్ని తగ్గిస్తుందని, ఏదో ఒక లోతులో ఆగుతుందని డిజైన్ ఆశ. రాయిలో పగుళ్లు ఉంటే ఆ ఆశ ఆలస్యంగా నెరవేరుతుంది. ధార ఒత్తిడి క్షణక్షణం మారుతూ పగుళ్లలోకి దూరి రాతి దిమ్మెలను ఒక్కొక్కటే పైకి లేపుతుంది. గొయ్యి డ్యామ్ వైపు పాకుతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. శ్రీశైలం ప్లంజ్ పూల్ మీద, దిగువ రక్షణ కట్టడాల మరమ్మతుల మీద ఇన్నేళ్లుగా సాగుతున్న చర్చ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. డ్యామ్ గోడకు పగులు లేకపోవచ్చు. అయినా ఈ గొయ్యిని కొలవడం, పూడ్చడం వాయిదా వేయదగ్గ పని కాదు.

వేగంగా వెళ్లే నీరు ఒక చిన్న అడ్డు తగిలి ఆగితే బెర్నౌలీ లెక్క తిరగబడుతుంది. వేగం మళ్లీ పీడనంగా మారుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగం పూర్తిగా ఆగితే చదరపు మీటరుకు 20 టన్నుల ఒత్తిడి. కాంక్రీటు పలకల మధ్య కీలులో ఒక అంచు కాస్త లేచి ఉంటే నీరు దానికి తగిలి, ఆ ఒత్తిడిలో కొంత భాగాన్ని పలక కిందికి పంపుతుంది. 40 సెంటీమీటర్ల పలక బరువు చదరపు మీటరుకు ఒక టన్ను లోపే. 2017 ఫిబ్రవరి 7న అమెరికాలో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ డ్యామ్ స్పిల్‌వే ఇలాగే విరిగింది. పగుళ్ల గుండా దూరిన నీరు పలకలను లేపింది, కింద ఉన్నది గట్టి రాయి కాక శిథిలమైన మెత్తటి రాయి కావడంతో కోత లోతుకు పోయింది. అప్పుడు స్పిల్‌వే మీద వెళుతున్న నీరు దాని సామర్థ్యంలో చిన్న భాగమే. ఐదు రోజుల తర్వాత దిగువన 1,88,000 మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. డ్యామ్ గోడకు ఏమీ కాలేదు.

దీనికి ఎదురు దిశలోనూ ప్రమాదం ఉంది. వేగం మరీ పెరిగి, గరుకు చోట పీడనం పడిపోతే నీరు మామూలు ఉష్ణోగ్రతలోనే ఆవిరి బుడగలుగా మరుగుతుంది. ఆ బుడగలు కాస్త ముందుకు వెళ్లి పగిలిన చోట కాంక్రీటు చితికిపోతుంది. 1983లో అమెరికాలోని గ్లెన్ కాన్యన్ డ్యామ్ సొరంగ స్పిల్‌వేలో పది మీటర్లకు మించిన గొయ్యి ఇలా మొదలైందే. మందు మాత్రం తేలికైనది. ధార కింద గాలి దూరే గాడి ఒకటి కడితే చాలు. గాలి కలిసిన నీటిలో ఆవిరి బుడగల దెబ్బకు బలం ఉండదు.

వేగమే లేని నీరు చేసే నష్టం మరొకటి. బ్యారేజీ కింద ఇసుకలో నీరు చాలా నెమ్మదిగా ఊరుతూ ఎగువ నుంచి దిగువకు వెళుతుంది. 1856లో ఫ్రాన్స్‌లో ఆన్రీ డార్సీ దీనికి నియమం కనిపెట్టాడు. దిగువన ఆ ఊట పైకి ఎగబాకే చోట ఒత్తిడి వాలు (ఊట సాగే ప్రతి మీటరుకు తగ్గే నీటి ఎత్తు) ఒకటికి చేరువైతే ఇసుక రేణువులు బరువు కోల్పోయి తేలిపోతాయి. ఎ.ఎన్. ఖోస్లా బృందం 1930లలో తేల్చిన ప్రకారం సన్నటి ఇసుకలో ఈ వాలును ఆరో వంతు, ఏడో వంతు దాటనీయకూడదు. అందుకే పునాది కింద లోతుగా కటాఫ్ గోడలు దించి ఊట దారిని పొడిగిస్తారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో ఏడో బ్లాకు పియర్లు కుంగినప్పుడు జాతీయ డ్యామ్ భద్రత సంస్థ తన ప్రాథమిక నివేదికలో పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని ప్రధాన కారణాల్లో ఒకటిగా చెప్పింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిటిలో లోపాలున్నాయనీ రాసింది. బాధ్యత ఎవరిదన్న రాజకీయ వాదన వేరు. భౌతికశాస్త్రం చెప్పేది ఒక్కటే, పైనున్న వేగధారకూ కిందనున్న ఊటకూ విడివిడి లెక్కలు చాలవు. దిగువన కోత పడి అడుగు లోతైతే ఊట దారి పొట్టిదవుతుంది, దాంతో కింద ఇసుక కదలడం సులువవుతుంది.

చిన్న నమూనాలో పెద్ద నది

సమీకరణాలు పరిష్కారం కాని చోట నమూనాలు ఆదుకుంటాయి. 1916లో మొదలై పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో స్థిరపడిన కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో దేశంలోని పెద్ద స్పిల్‌వేల నమూనాలు నడుస్తాయి. 50 లక్షల క్యూసెక్కులకు డిజైన్ చేసిన పోలవరం స్పిల్‌వేకూ అక్కడ పరీక్షలు జరిగాయి. ఫ్రూడ్ సంఖ్య నమూనాలోనూ నదిలోనూ ఒకటే ఉండేలా చూడాలి. 50వ వంతు నమూనాలో వేగం ఏడో వంతు అవుతుంది, లక్ష క్యూసెక్కుల వరద ఐదున్నర క్యూసెక్కులకు తగ్గుతుంది. ఎగుడు ఎక్కడ నిలబడుతుంది, ఏ గేటు ఎత్తితే ఏ పక్క సుడి పడుతుంది అన్నవి ఇందులో బాగా తెలుస్తాయి. అన్నీ తెలియవు. నమూనాలో బుడగలు నిజమైన బుడగల్లో 50వ వంతు ఉండవు, దాదాపు అంతే ఉంటాయి. ఆవిరి బుడగలు అసలు రావు. నది ఇసుకను 50వ వంతుకు చిన్నది చేస్తే అది ఒండ్రులా అంటుకుపోతుంది. కాబట్టి మొదటి పెద్ద వరద తగ్గాక నది అడుగును కొలిచి చూడటమే అసలు పరీక్ష. ఆ కొలతలు ఏటా ప్రజల ముందు పెట్టాలి.

ఇదే భౌతికశాస్త్రం మనుషుల ప్రాణాలను తీసే చోటు ఒకటి ఉంది, అది పెద్ద డ్యాముల దగ్గర కాదు. వాగుల మీది చెక్‌డ్యాములు, చిన్న ఆనకట్టల దిగువన. నీరు పొర్లి దిగిన చోట దిగువ లోతు ఎక్కువగా ఉంటే ఎగుడు మునిగిపోతుంది. ఉపరితలం మీద నురగ, అంత భయం గొలపని అలికిడి. కానీ పై పొర నీరు దిగువకు కాక వెనక్కి, కట్ట వైపుకు కదులుతుంటుంది. అందులో చిక్కినవాళ్లను అది కట్ట దగ్గరికి లాగుతుంది, పైనుంచి పడే ధార అడుగుకు తొక్కుతుంది, కొంతదూరం వెళ్లి తేలినవాళ్లను మళ్లీ వెనక్కి తెస్తుంది. గాలి కలిసిన నీరు తేలిక కావడంతో ఈత వచ్చినవాళ్లు కూడా సరిగా తేలలేరు. రక్షించబోయి దూకినవాళ్లూ అందులోనే ఉండిపోతారు. నురగ ఎక్కడ ఆగి నీరు దిగువకు కదలడం మొదలవుతుందో ఆ గీత కట్ట నుంచి ఎంత దూరమో చూసి కొలవొచ్చు. వరద పెరిగితే ఆ గీత జరుగుతుంది కాబట్టి కాస్త ఎక్కువే పెట్టుకోవాలి. ఆ దూరం దాకా గట్టు మీద రంగు వేసిన రాళ్లు పాతి, అడ్డంగా తాడు కట్టడం ఒక గ్రామ పంచాయతీకి అయ్యే ఖర్చే.